బొగ్గూ ఆకూ వేసి రుద్దిన పలక

ఎంగిలి వేలితో పలక తుడిచిన తరానికి ‘క్లీన్ స్లేట్’ అనే ఇంగ్లీషు మాటను విడమరిచి చెప్పక్కర్లేదు. స్లేటంటే పలక, క్లీనంటే శుభ్రం. పాత గొడవలు తుడిచేసి కొత్తగా మొదలుపెట్టడం. అంతేగా అనిపిస్తుంది. కానీ పలక వాడినవాళ్లకే ఇక్కడ ఒక అనుమానం రావాలి. వేలితో తుడిస్తే పలక శుభ్రమవుతుందా? తడి ఆరగానే బూడిదరంగు పొర ఒకటి తేలుతుంది. దాని అడుగున నిన్న రాసిన ‘అ’ వంకర కనిపిస్తూనే ఉంటుంది. నిజంగా శుభ్రం కావాలంటే ఆదివారం పూట బొగ్గు, ఆకు, నీళ్లు, ఓ అరగంట ఓపిక కావాలి. తుడవడం ఒక పని, కడగడం ఇంకో పని. ఇంగ్లీషు వాళ్ల మాటలో ఉన్నది ఈ రెండింట్లో ఏదో తేలాలంటే ముందు పలకను ఓసారి చేతిలోకి తీసుకోవాలి.

రాతి పలక అంటే మన వైపు మార్కాపురం పలకే. నల్లమల అంచున, కంభం శిలలని భూగర్భశాస్త్రజ్ఞులు పిలిచే వరసలో దొరికే ఈ రాయి ఒకప్పటి బురద. బురద గట్టిపడి, భూమి లోపలి వేడికీ ఒత్తిడికీ నలిగి, అందులోని అభ్రకపు రేకులన్నీ ఒకే దిక్కుకు తిరిగి పడుకుంటే స్లేటు తయారవుతుంది. అందుకే వెడల్పు ఉలి అంచు ఆనించి సుత్తితో మెల్లగా తడుతూ పోతే పలుచని రేకులుగా విడిపోతుంది. గని తడి ఆరకముందే చీల్చుకోవాలి. ఎండిన దిమ్మ మొండికేసి అడ్డదిడ్డంగా పగులుతుంది. చీల్చిన రేకును కొలతకు కోసి, ముఖం నునుపు చేసి, అంచుల్ని చెక్క చట్రం గాడిలోకి దింపి, మూలల దగ్గర రేకు ముక్కలు కొడితే బడి పలక సిద్ధం. చట్రానికి పైన ఒక చిన్న బెజ్జం, తాడు కట్టుకోవడానికి. కొన్నింటికి ఒక పక్క గీతలు చెక్కి ఉండేవి, కాపీ రాతకు. ఇంకొన్నింటికి పైన తీగలకు రంగురంగుల పూసలు గుచ్చి ఉండేవి, ఎక్కాలకు. పూసల పలక ఉన్న పిల్లవాడి చుట్టూ తరగతిలో ఎప్పుడూ నలుగురు మూగేవాళ్లు. ఆ పూసలతో లెక్కలు నేర్చుకున్నవాళ్లు తక్కువ, వాటిని టకటకలాడించి దెబ్బలు తిన్నవాళ్లు ఎక్కువ.

తర్వాత రేకు పలకలొచ్చాయి, అట్ట పలకలొచ్చాయి, చివరికి ప్లాస్టిక్‌వి. రేకు పలక కిందపడితే పగలదు, అదొక్కటే దాని గొప్ప. నల్లరంగు పెచ్చులూడి తుప్పు తేలుతుంది, నునుపెక్కి బలపం జారుతుంది. రాతి పలక చేతిలోంచి జారితే మూల నుంచి మూలకు పగులు. చట్రం గట్టిగా ఉంటే పగిలిన పలక కూడా ఇంకో ఆర్నెల్లు నడిచేది, ఆ గీతకు అటొక పదం ఇటొక పదం రాసుకుంటూ.

బలపం సంగతి వేరు. మన బలపం చాలావరకు బలపపురాయే, అంటే సోప్‌స్టోన్. చేత్తో తడిమితే సబ్బులా జారే రాయి, అందుకే ఆ ఇంగ్లీషు పేరు. బేతంచెర్ల దగ్గర ముద్దవరం వైపు ఈ రాయి గనులున్నాయి. ఇందులో ఉండే టాల్క్ ఖనిజాల్లోకెల్లా మెత్తన, గట్టిదనపు కొలబద్దలో దాని అంకె 1. స్లేటు దానికంటే బాగా గట్టిది. మెత్తనిది గట్టిదాని మీద అరిగి పొడి రాలుస్తుంది, ఆ పొడే అక్షరం. రాత తుడిస్తే పోవడానికి కారణం ఇదే. పొడి పైపైన అంటుకుని ఉంటుందే తప్ప రాతిలోకి దిగదు. కానీ బలపంలో ఎక్కడైనా చెకుముకి రేణువు ఉందా, లెక్క తలకిందులవుతుంది. రేణువు పలకకంటే గట్టిది, అదిప్పుడు రాయదు, గీస్తుంది. ‘కీచ్’ మని ఒళ్లు జలదరించే చప్పుడొచ్చిందంటే చాలాసార్లు ఆ రేణువు పనే. అప్పుడు బలపం మొన విరగ్గొట్టి కొత్త మొనతో రాయాలి. రేణువు లేకపోయినా కొన్నిసార్లు కీచుమంటుంది, బలపాన్ని నిటారుగా, దూరంగా పట్టుకుంటే. కిందికి పట్టుకుని వాలుగా రాస్తే ఆగిపోతుంది. రేణువు గీసిన గీత మాత్రం బొగ్గుకూ పోదు, ఆకుకూ పోదు. పలక ఉన్నంతకాలం ఉంటుంది.

ఇక కడగడం. కట్టెల పొయ్యిలో చల్లారిన బొగ్గు కావాలి, తేలిగ్గా ఉండి వేళ్ల మధ్య నలిగేది. గట్టి బొగ్గులో పొడి కాని పలుకులుంటాయి, పలక గీరుకుపోతుంది. పొయ్యి అడుగు నుంచి తీస్తే మట్టి, ఇసుక కలిసి వస్తాయి, అదీ ప్రమాదమే. పలకకు రెండు చెంచాల పొడి చాలు. ఆకుల్లో పేరున్నది గుంటగలగర. కాలవ గట్ల మీద, తడి నేలల్లో తెల్లని గుండీల్లాంటి పూలతో పెరిగే మొక్క. నలిపితే వచ్చే ఆకుపచ్చ రసం గాలి తగిలాక నల్లబడుతుంది. తలనూనెలో వేసేదీ, పచ్చబొట్లకు వాడిందీ ఆ గుణం వల్లే. అది దొరక్కపోతే దొడ్లో ఏ మెత్తని ఆకు దొరికితే అది. మందారాకు జిగురు బొగ్గును పట్టి ఉంచుతుంది కానీ రంగు ఇవ్వదు.

గుప్పెడు ఆకును బొగ్గుపొడిలో అద్ది, నాలుగు చుక్కల నీళ్లు చిలకరించి, మూలల దగ్గర మొదలుపెట్టి గుండ్రంగా రుద్దుకుంటూ మధ్యకు రావాలి. మూలల్లోనే బలపం పొడి పేరుకుంటుంది, చట్రం గాడిలో దాక్కుని తర్వాత రాసేటప్పుడు రాలుతుంది. మొదట బూడిదరంగు నురుగు వస్తుంది, అది పాత రాతల పొడి. నురుగు నల్లబడేదాకా రుద్దాలి. తర్వాత తడిగుడ్డతో రెండుసార్లు తుడిచి నీడలో ఆరబెట్టాలి. తొందరపడి తొట్టిలో ముంచితే చట్రం చెక్క నీళ్లు తాగి ఉబ్బుతుంది, ఆరాక కుంచించుకుని మూలలు వదులవుతాయి. ఇక అప్పట్నుంచి పలక గలగల. ఎండలో పెడితే చట్రం వంకర పోతుంది. ఆరాక ఇంకోసారి పొడిగుడ్డ వేయాలి. ఈ మెట్టు వదిలేసినవాళ్లు సోమవారం పొద్దున్న బలపం పడట్లేదని ఏడ్చేవాళ్లు. మిగిలిపోయిన బొగ్గుపొడి మీద బలపం జారిపోతుంది మరి. పలకకు తలనూనో, పప్పుచేతి జిడ్డో అంటుకుంటే బొగ్గుతో పని కాదు. ముందు కుంకుడు పులుసు వేసి జిడ్డు వదలగొట్టాలి, ఆ తర్వాతే బొగ్గు.

ఎంగిలి వేలికి తిడితే పడేవాళ్లం కానీ మానేవాళ్లు లేరు. నీళ్లు జారిపోతాయి, ఉమ్మి జారదు, ఉన్నచోటే ఉండి ఒక్క అక్షరాన్ని తుడుస్తుంది. పక్క అక్షరం చెడదు. దాని తప్పల్లా ఆరాక పొర మిగల్చడం. ఐదారుసార్లు తుడిచేసరికి ఆ చోటు నున్నగా జిడ్డుకట్టి బలపాన్ని పట్టదు. పెద్దవాళ్లు తిట్టింది మాత్రం దీనికి కాదు. పలక సరస్వతి, దానికి ఎంగిలి తగలకూడదు. కాలు తగిలితే కళ్లకద్దుకునే వస్తువు మీద ఉమ్మా!

ఇప్పుడు ఇంగ్లండు. అక్కడ పలక బడికి రాకముందే ఇంటి పైకప్పు మీద ఉంది. ఇంగ్లండు పక్కనే ఉన్న ఉత్తర వేల్స్ కొండల్లో, పెన్రిన్, డినార్విక్ లాంటి పెద్ద గనుల్లో తీసిన రాయి ఎన్నో దేశాల ఇళ్లకు కప్పయింది. ఆ గనుల ప్రాంతం 2021లో యునెస్కో వారసత్వ జాబితాలోకి ఎక్కింది. కప్పు పలకల కొలతలకు ప్రభువంశాల ఆడవాళ్ల బిరుదులు పెట్టుకున్నారు. 24 అంగుళాలు, 12 అంగుళాలది ‘డచెస్’. 20, 10 ఉంటే ‘కౌంటెస్’. 16, 8 అయితే ‘లేడీ’. కప్పు మీద ఒక పలక ఊడితే వాన లోపలికొస్తుంది కాబట్టి, తిక్క మనిషిని ‘వాడికో స్లేటు వదులు’ అనేవాళ్లు. మనం మర వదులైందంటాం.

క్లీన్ స్లేట్ పుట్టింది కప్పు పలకల్లో కాదు, అప్పు పలకల్లో. పబ్బులోనో పచారీ కొట్లోనో కౌంటరు వెనక గోడకు ఒక పలక వేలాడేది. అరువు పెట్టినవాళ్ల పేర్లు, పక్కన గీతలో పెన్నీలో. ‘పుట్ ఇట్ ఆన్ ద స్లేట్’ అంటే పద్దు రాసుకో అని. వారం కూలి చేతికొచ్చాక వచ్చి కట్టేస్తే యజమాని తడిగుడ్డతో ఆ పేరు తుడిచేసేవాడు. ఇప్పుడు ఆ మనిషి పలక శుభ్రం. అప్పు లేదు, అరువు మళ్లీ పుడుతుంది. 19వ శతాబ్ది నడిమికల్లా ఈ మాట కొట్టు దాటి ఇతర విషయాలకు పాకింది. తప్పులు, తగాదాలు, పాత హామీలు, ఏవైనా సరే తుడిచిపెట్టి మొదలుపెట్టడానికి పేరైంది.

గమనించాల్సింది ఒకటుంది. గుడ్డ ఎవరి చేతిలో ఉంది? అప్పు తీసుకున్నవాడి చేతిలో లేదు. ‘నేను క్లీన్ స్లేట్‌తో మొదలుపెడుతున్నా’ అని ఇప్పుడు ఎవరికి వారు ప్రకటించుకుంటున్నారు కానీ, పుట్టినచోట ఆ మాటకు అలాంటి వాడుక కుదరదు. తన పేరు తానే తుడుచుకున్న తాగుబోతును పబ్బు యజమాని వదలడు.

ఓడల కథ కూడా ఒకటి చెబుతారు. తెరచాపల ఓడలో చుక్కాని దగ్గర ఒక పలక, మొదట్లో మడతపెట్టే నల్లచెక్క, ఉండేది. ఓడ వేగం కొలిచే పద్ధతి చూస్తే దాని అవసరం తెలుస్తుంది. పావు వృత్తంలా కోసిన చెక్క ముక్క, నిటారుగా తేలేలా వంపు అంచుకు సీసం, దానికి పొడవాటి తాడు. తాడు మీద 47 అడుగుల 3 అంగుళాలకొక ముడి. చెక్కను వెనక నీళ్లలో పడేసి 28 సెకన్ల ఇసుక గడియారం తిప్పి, అది ఖాళీ అయ్యేలోపు చేతిలోంచి ఎన్ని ముడులు జారాయో లెక్కపెట్టడం. అన్ని ‘నాట్లు’ వేగమన్నమాట. నాట్ అంటే ముడే. గంట గంటకూ ముడుల లెక్క, దిక్కు, గాలి పలక మీద రాసేవాళ్లు. నాలుగు గంటల కాపలా మారినప్పుడు అంతా సవ్యంగా ఉంటే పలక తుడిచి కొత్తవాళ్లు కొత్తగా మొదలుపెట్టేవాళ్లని, క్లీన్ స్లేట్ అక్కణ్నుంచే వచ్చిందని చెప్పేవాళ్లున్నారు.

వినడానికి బాగుంది కానీ ఈ కథ మాటకు సరిగా అతకదు. ఓడ పలక మీది రాతలు లాగ్ పుస్తకంలోకి ఎక్కాకే చెరిగేవి. తుడిచింది చిత్తుప్రతిని, అసలు లెక్క సిరాతో భద్రంగా ఉంది. తుఫానులో ఓడ దారి తప్పితే ఆ పుస్తకం తెరిచి ఎవరు ఏ గంటకు ఏం చేశారో నిలదీయొచ్చు. పబ్బు పలకకు రెండో ప్రతి లేదు, తుడిస్తే అప్పు మాయం. క్షమించేశాం, మరిచిపోయాం అనే అర్థం రావాలంటే పబ్బు పలకే సరిపోతుంది.

మన అంగళ్లలో ఏముండేది? చిట్టా, ఆవర్జా, అంటే రోజువారీ పద్దుల పుస్తకం, ఖాతాల పుస్తకం. పద్దు కొట్టేయడమంటే దాని మీద అడ్డగీత గీయడం. గీత కింద పద్దు కనిపిస్తూనే ఉంటుంది, ఇన్ని రూపాయలు ఫలానా రోజు తీరాయని సాక్ష్యంగా. అప్పు నోటు తీరితే దాని వెనక చెల్లు రాయించుకుని తెచ్చుకోవాలి. పాల లెక్క గోడ మీద బొగ్గుగీతలు, పండక్కి సున్నం వేసేదాకా పోయేవి కావు. చాకలి పద్దు వేరే పుస్తకం. మొత్తానికి మన లెక్కల భాషలో కొట్టివేత ఉంది, చెల్లు ఉంది, తుడిచేయడం మాత్రం అరుదు. అందుకే ‘తుడిచిపెట్టుకుపోయింది’ అంటే మనకు నాశనమే గుర్తొస్తుంది, మంచి సంగతిలా వినిపించదు.

అలాగని తుడిచే పుస్తకం మనకు లేదనుకుంటే పొరపాటు. కడితం ఉండేది. ఈ సంగతి 1823లో బళ్లారి కలెక్టరు కాంప్‌బెల్ చక్కగా రాసిపెట్టాడు. మద్రాసు గవర్నరు థామస్ మన్రో జిల్లాల్లోని దేశీ బడుల వివరాలు అడిగితే కాంప్‌బెల్ పంపిన నివేదిక అది. బళ్లారి అప్పుడు దత్తమండలాల్లో, అంటే నిజాం ఇంగ్లీషువాళ్లకు ఇచ్చేసిన ప్రాంతంలో భాగం, తెలుగు బడులూ కన్నడ బడులూ రెండూ ఉన్న జిల్లా. పిల్లలు ముందు ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దుతారని, తర్వాత పలక పడతారని రాశాడు. ఆ పలక రాయి కాదు, అడుగు వెడల్పు, మూడడుగుల పొడవు చెక్క. చిత్రిక పట్టి, కాస్త అన్నం, బొగ్గుపొడి కలిపి పూస్తే రాతకు సిద్ధం. రెండో రకం గుడ్డది. గంజి పెట్టి బిరుసు చేసిన గుడ్డను పుస్తకంలా మడతలు పెట్టి, బొగ్గు, జిగుళ్లు కలిపిన పూత వేస్తారు. అదే కడితం, కన్నడంలో కడత. రెండింటి మీదా రాసింది తడిగుడ్డతో చెరపొచ్చు. రాసే వస్తువును ఆయన ‘బుల్తప’ అని ఇంగ్లీషులో దింపాడు. తెల్లని మట్టిలాంటి పదార్థం, క్రేయాన్ కంటే కాస్త గట్టిదట. ఆ ‘బుల్తప’ను నాలుగుసార్లు పైకి చదివితే మన బలపం వినిపిస్తుంది.

ఇళ్లల్లో బొగ్గూ ఆకూ వేసి రుద్దిన పద్ధతికి మూలం ఇక్కడుందనిపిస్తుంది. రాతి పలకకు నల్లరంగు పూయాల్సిన పనేం లేదు, దాని రంగు అదే. చెక్క పలకకైతే పూత అరిగిపోతుంది కాబట్టి మళ్లీ మళ్లీ పట్టించాలి. చెక్క పోయి రాయి వచ్చినా చేతులకు అలవాటైన పని పోలేదు. పూత కాస్తా శుభ్రతగా మారింది.

అదే నివేదికలో కాంప్‌బెల్ ఇంకో మాటన్నాడు. ఇంత తక్కువ ఖర్చుతో రాత నేర్పడం, పై తరగతి పిల్లలతో కింది పిల్లలకు చెప్పించడం మెచ్చుకోదగ్గవని, ఇంగ్లండు వీటిని అనుకరించడం న్యాయమేనని. ఆ అనుకరణ వెనక ఆండ్రూ బెల్ ఉన్నాడు. మద్రాసు ఎగ్మూరులో సైనికుల అనాథ పిల్లల బడి చూసే మతగురువు. వీధి బడి పిల్లలు ఇసుకలో వేలితో రాయడం చూసి తన బడిలో ఇసుక పళ్లాలు పెట్టించాడు, పిల్లలతో పిల్లలకు చెప్పించాడు, 1797లో లండన్‌లో పుస్తకం వేశాడు. మరుసటేడు లండన్ సదర్క్‌లో జోసెఫ్ లాంకాస్టర్ బడి మొదలుపెట్టి, ఒక్క హాల్లో వందలమందిని కూర్చోబెట్టి ఇదే దారిలో నడిపాడు. కాగితం కొనలేని పిల్లలకు పలకలు ఇచ్చాడు. మానిటర్‌గా పెట్టిన పెద్ద పిల్లవాడు ఒక మాట చెబితే అందరూ రాయాలి, ‘పలకలు చూపండి’ అంటే పైకెత్తాలి, తర్వాత తుడిచేయాలి. వేల్స్ రాయి బడి పలకగా ఊరూరా తిరగడానికి ఈ బడులే పెద్ద సాయం. మన వీధి అరుగు మీది ఇసుక లండన్‌కు వెళ్లి, చట్రం కట్టిన రాయిగా తిరిగొచ్చి మన పిల్లల చంకలో చేరింది.

ఇంగ్లండు, అమెరికా బడుల్లోనూ పిల్లలు పిల్లలే. గుడ్డ, స్పాంజి తాడుకు కట్టి ఇచ్చినా ఉమ్మేసి చొక్కా చేతితో తుడిచేవాళ్లు. 19వ శతాబ్ది చివర్లో క్రిములతో జబ్బులొస్తాయని లోకానికి తెలిశాక ఆరోగ్యాధికారుల కన్ను పలక మీద పడింది. ఒకరి పలక ఇంకొకరు వాడటం, దాని మీద ఉమ్మి. కాగితం కూడా అప్పటికి చవకైంది. 20వ శతాబ్ది మొదట్లో అక్కడి బడుల నుంచి పలక వెళ్లిపోవడానికి ఇవి రెండూ కారణాలు. శుభ్రతకు పోలికగా నిలిచిన వస్తువును శుభ్రత పేరుతోనే బయటికి పంపారు. మన దగ్గర ఎంగిలి అన్నారు, అక్కడ క్రిములన్నారు. తిట్లు తిన్నది మాత్రం రెండుచోట్లా పిల్లల వేళ్లే.

బలపానికి సంబంధించి ఇంతకంటే పెద్ద మురికి ఇంకోటుంది, అది పిల్లలకు తెలియలేదు. మధ్యప్రదేశ్ మంద్‌సౌర్ దగ్గర రాయిని రంపాలతో కోసి బలపాలు చేసిన కూలీల ఊపిరితిత్తులు ఆ ధూళికి గట్టిపడిపోయాయి. సిలికోసిస్. ఆ రాయిలో సిలికా ఎక్కువ, కోత పొడిగా జరిగేది. నీళ్లు చల్లుతూ కోసినా, ధూళిని పీల్చేసే గొట్టాలు పెట్టినా చాలావరకు తప్పే జబ్బు. పడుచువాళ్లే పోయారు. వృత్తి జబ్బుల మీద రాసే వైద్యులు ఇప్పటికీ ఆ ఊళ్ల పేర్లు చెబుతారు.

మాట వాడుక దగ్గరికొస్తే, మన పేపర్లలో క్లీన్ స్లేటూ క్లీన్ చిట్టూ కలిసిపోవడం తరచుగా కనిపిస్తుంది. రెండూ వేరు. చిట్ మన చీటీయే, హిందీ చిట్ఠీ లోంచి ఇంగ్లీషులోకి పోయింది. తెల్లదొరల కాలంలో వంటవాళ్లు, బట్లర్లు పాత దొర రాసిచ్చిన మంచి చీటీ పట్టుకుని కొత్త కొలువుకు వెళ్లేవాళ్లు. క్లీన్ చిట్ అంటే తప్పేమీ లేదని ఇచ్చిన చీటీ. క్లీన్ స్లేట్‌లో తప్పు ఉంది, రాసి ఉంది, తుడిచారు. ఒక నాయకుడికి విచారణ సంఘం ‘క్లీన్ స్లేట్ ఇచ్చింది’ అని రాస్తే, ఆయన తప్పు చేశాడు కానీ వదిలేశారనే అర్థమొస్తుంది. ఆయన అభిమానులు గమనించరు కాబట్టి సరిపోతోంది. క్లీన్ షీట్ ఇంకోటి. ఫుట్‌బాల్‌లో ఒక్క గోలూ తినకపోవడం. బ్లాంక్ స్లేట్ అంటే అసలేమీ రాయనిది, కొట్లోంచి అప్పుడే తెచ్చిన పలక. దీని తాత లాటిన్ ‘తాబులా రాసా’. రోమన్లు చెక్క పలక గుంతలో మైనం పోసి, ఒక కొన మొనదేలి ఇంకో కొన బల్లపరుపుగా ఉండే కలంతో రాసేవాళ్లు. మొనతో గీత, చదునుతో చెరుపు. రాసా అంటే గీకేసినది. అంటే ‘ఏమీ రాయనిది’ అని మనం వాడే మాట కూడా మూలంలో రాసి గీకినదే. అప్పుడే పుట్టిన పిల్లల మనసును దీంతో పోల్చే తత్వవేత్తలు జాన్ లాక్ పేరు తలుస్తారు కానీ, లాక్ వాడిన పోలిక తెల్లకాగితం.

రాజకీయాల్లో ఈ మాటకు పేరు తెచ్చినవాడు లార్డ్ రోజ్‌బెరీ. బ్రిటన్ మాజీ ప్రధాని. 1901 డిసెంబరు 16న చెస్టర్‌ఫీల్డ్‌లో మాట్లాడుతూ లిబరల్ పార్టీ పాత వాగ్దానాలు పక్కనపెట్టి పలక తుడుచుకోవాలన్నాడు. ఆయన మనసులో ఉన్నది ముఖ్యంగా ఐర్లండ్ స్వపరిపాలన. పార్టీ నాయకుడు క్యాంప్‌బెల్ బానర్మన్ ఒప్పుకోలేదు, తన నమ్మకాలు తుడిచేసుకునేవి కావన్నాడు. గుడ్డ ఎవరి చేతిలో ఉందన్న ప్రశ్న ఇక్కడా తిరిగొచ్చింది. మాట ఇచ్చిన పార్టీయే ఆ మాటను తుడుచుకోవచ్చా?

చట్టం ఈ ప్రశ్నకు జవాబు రాసుకుంది. న్యూజిలాండ్‌లో 2004లో క్లీన్ స్లేట్ చట్టమే వచ్చింది. చిన్న నేరానికి శిక్షపడి, జైలుకు వెళ్లనివాడు 7 ఏళ్లపాటు మళ్లీ ఏ శిక్షా పడకుండా ఉంటే, ఉద్యోగానికి వెళ్లినప్పుడు ఆ పాత సంగతి చెప్పక్కర్లేదు. ప్రభుత్వ దస్త్రంలోంచి మాత్రం అది పోదు. ఓడ పలక పద్ధతన్నమాట. మన దేశంలో దివాలా చట్టానికి సుప్రీంకోర్టు ఇదే మాట అన్వయించింది. 2021 ఏప్రిల్‌లో ఘనశ్యామ్ మిశ్రా కేసులో, దివాలా కంపెనీని కొత్తవాళ్లకు అప్పగిస్తూ ట్రిబ్యునల్ ఆమోదించిన పరిష్కార ప్రణాళికలో లేని పాత బాకీలన్నీ, ప్రభుత్వ బాకీలతో సహా, రద్దయినట్టేనని చెప్పింది. కొత్తగా కంపెనీ కొన్నవాడికి శుభ్రమైన పలక. ఇది పబ్బు పద్ధతి. బాకీ రావాల్సినవాళ్లు అడగడానికి ఇంకో పుస్తకం ఉండదు.

మార్కాపురం రాయి ఇప్పుడు ఎక్కువగా గోడలకు, నేలలకు పలకలుగా పోతోంది. బడి పలక అక్షరాభ్యాసం రోజున పసుపు, కుంకుమ పెట్టించుకుని, బియ్యం పళ్లెం పక్కన ఒక పూట కూర్చుని, ఆ తర్వాత అటకెక్కుతోంది.

అటక మీది పాత రాతి పలకలు దొరికితే ఒకసారి కిందికి దించి, పైన చెప్పినట్టు బొగ్గూ గుంటగలగరాకూ వేసి రుద్ది, ఆరాక కిటికీ దగ్గర వెలుతురుకు ఏటవాలుగా పట్టుకుని చూడండి. ఎదురుగా చూస్తే నల్లగా, నున్నగా ఉంటుంది. వాలుగా పడే వెలుతురులో సన్నని గాళ్లు తేలుతాయి. పిల్లలు అక్షరం మీద అక్షరం దిద్దడానికి చాలా ఇళ్లల్లో పెద్దవాళ్లు ముందే మేకు మొనతో పలక మీద ఓనమాలు గీసి ఇచ్చేవాళ్లు, బలపం ఆ గాడిలో నడవాలని. ‘ఓ’ సుడి దగ్గర గాడి లోతుగా ఉంటుంది. ‘శి’ దాకా వచ్చేసరికి పలుచబడుతుంది.